జిద్దు అంటే

అరవై ఎనిమిదిలో యూనివర్సిటీలో ఎమ్మే సీటు వచ్చింది. నాన్న, నేను గుంటూరు నుంచి వచ్చి, క్యాంపస్‌కు దగ్గరని తార్నాకలో భోజనం కూడా పెట్టే ఒక ఇంట్లో గది చూశాం. ఇంటావిడ యాదమ్మగారు చాయ్ ఇచ్చి కబుర్లు పెట్టింది. ఆడపిల్లకు అంత దూరం చదువెందుకని నాన్న వద్దంటే అన్నం మానేసి ఒప్పించానని చెప్పాను.

"నీ బిడ్డకు జిద్దు శాన ఉన్నదన్నా," అంది నవ్వుతూ.

"జిద్దు అంటే?" అన్నాడు నాన్న.

"మొండి పట్టు."

నాన్న మొహం ఎర్రబడింది. "మా పెంపకం సంగతి మీకెందుకండీ? అయినా ఇదీ ఒక తెలుగేనా?"

ఆవిడ నవ్వు ఆగిపోయింది. మెల్లగా అంది: "తప్పుగ అనలేదన్నా. మేం మెచ్చుకున్నా గట్లనే అంటం. చిన్నప్పుడు నేను జిద్దు చెయ్యలే, నాకు అక్షరం రాలే. నా బిడ్డ జిద్దు చేసింది, పంతులమ్మ అయింది."

నాన్న తల దించుకున్నాడు. తన కప్పు ఆవిడ వైపు జరిపాడు.

యాదమ్మగారు ఖాళీ కప్పులు తీసుకుని నా వైపు తిరిగింది.

"పొద్దుగాల అన్నం తింటవా, రొట్టె తింటవా బిడ్డా?"