నా ఏజెంటుకే అబద్ధం చెప్పిన వైనం

బేరంలో నన్ను గెలిచే మగాడు పాతబస్తీలోనే పుట్టలేదని విర్రవీగిన నేను, ఒకే వారంలో ఒక కంప్యూటరు ముందూ ఒక పాత సామాన్ల కబాడీ దుకాణం ముందూ పరువు ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. నవ్వండి, కానీ మెల్లగా. పక్క గదిలో మా ఆయనున్నారు.

అసలు పాపం ఆయనదే. ఇంటికి సున్నాలు వేయిస్తూ మా నాన్న ట్రాన్సిస్టర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. నాన్న గుర్తుగా నాకు మిగిలింది అదొక్కటే! నెల తర్వాత మేనకోడలి పరీక్ష ఫలితాలకని లాల్‌దర్వాజా నెట్ సెంటర్‌కు వెళ్తే, ఇంటర్నెట్ వేలంలో అది ప్రత్యక్షం. గుండీ ఊడిన చోట నేను బిగించిన టూత్‌పేస్టు మూత ఫొటోలో దర్జాగా మెరుస్తోంది.

సెంటర్ యజమాని యాదగిరి ధైర్యం చెప్పాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. ఈ వేలంల ఏజెంటనే ప్రోగ్రాం ఉంటది. ఎక్కువల ఎక్కువ ఎంత పెడ్తరో చెప్పుండ్రి, మీ బదులు అదే పాట పాడి కొంటది."

"నా అసలు ధర దానికెందుకు చెప్పాలె?"

"అమ్మేటోనికి కనవడది మేడం. పాస్‌వర్డ్ ఉంది."

కనబడదట! మా గల్లీలో నేను పోపు వేస్తే ఏం కూరో నాలుగు వీధులకు తెలుస్తుంది. వెయ్యికైనా సిద్ధపడ్డ నేను, నాలుగు వందలని కొట్టాను.

"మేడం, అది మీ ఏజెంటే!"

"ఎవరి ఏజెంటైతే ఏంది? నువ్వు ఊకో."

మూడో రోజున వేలం ముగిసింది. వస్తువు అమ్ముడుపోలేదు. నా ఏజెంటు నాలుగు వందల దగ్గర కొత్త కోడలిలా చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

అమ్మేవాడి కబాడీ దుకాణం బహదూర్‌పురాలోనేనని ఆ పేజీలోనే ఉంది. ఆటోలో పరుగెత్తి యజమాని జబ్బార్ భాయ్‌ను నిలదీశాను.

"వేలంల నాకెందుకు ఇయ్యలె భాయ్?"

"క్యా కరూఁ అమ్మా, తక్కువల తక్కువ ఎంతకిస్తవని నా ఏజెంటు అడిగింది. డబుల్ చెప్పిన. మిషిన్‌కు నిజం ఎవరు చెప్తరు?"

ఆహా, నా జాతివాడే!

"మరి అసలు ధరెంత?"

"ముందుగాల మీ అసలు ధర చెప్పుండ్రి."

"ఐదు వందలు."

"వెయ్యి."

"ఆరు వందలు. ఆఖరి మాట."

"వెయ్యి అమ్మా."

"అయితే నీ రేడియో నువ్వే పెట్టుకో!"

విసవిసా మెట్లు దిగాను. వెనక్కి పిలుస్తాడని నాకు తెలుసు. పది అడుగులు వేశానో లేదో, "అమ్మా!" అన్నాడు. గెలిచిన రాణిలా వెనక్కి తిరిగాను.

"పోతె పోండ్రి. గని రేడియో ఈడ పెట్టి పోండ్రి."

చూసుకుంటే అది నా చంకలో ఉంది, చంటిపిల్లలాగా. ఎప్పుడెత్తుకున్నానో నాకే తెలియదు. నా అసలు ధరేమిటో భాయ్‌కు మాత్రం తెలిసిపోయింది.

వెయ్యీ ఇచ్చి, ఆటోలో కూర్చుని సూర్యచంద్రుల సాక్షిగా శపథం చేశాను: ఇకమీదట బేరం కుదరక అలిగి వెళ్లిపోయేటప్పుడు, వస్తువును దుకాణంలోనే వదిలి వెళతాను.