ఒక్కపొద్దు నాటి గోలి

రుక్మిణమ్మగారు మా ఇంటి ఓనరు. 1996లో మావారికి హైదరాబాదు బదిలీ అయితే, ఏలూరు నుంచి వచ్చి ఉప్పుగూడలో ఆవిడ ఇంట్లో వెనక వాటా అద్దెకు తీసుకున్నాం. అరవై మూడేళ్ల మనిషి. గొంతెత్తితే రైల్వే స్టేషన్ దాకా వినిపించేది. ఎవరికీ జంకని ఆ మనిషి బీపీ మాత్ర చూస్తే మాత్రం మొహం తిప్పేసేవారు.

వేసుకోకపోవడానికి ఆవిడ దగ్గర వారానికి సరిపడా కారణాలుండేవి. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకి, శనివారం వెంకన్నకి ఉపవాసం. "గోలి మింగితే ఒక్కపొద్దు ఖరాబైతది బిడ్డా" అనేవారు. మిగిలిన రోజుల్లో, "తల తిరుగుతలేదు గదా, ఎందుకు?" దేవుళ్లంతా కూడబలుక్కుని ఈవిడ బీపీ పెంచుతున్నారని నేను వేళాకోళం చేసేదాన్ని.

ఆ ఏడు ఆషాఢం మొదట్లో బోరింగు దగ్గర బిందె ఎత్తబోయి కూలబడ్డారు. వీధి చివర డాక్టర్ శ్రీపాద చూస్తే నూట తొంభై. కొడుకు బాబురావు హడలిపోయాడు.

"ఈసారి బోనం మాన్య ఎత్తుతది. నువ్వు ఇంట్లనే కూసో అమ్మా" అన్నాడు. మాన్య అతని భార్య.

రుక్మిణమ్మగారు ఏడవడం నేను అప్పుడే చూశాను. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆషాఢం చివరి ఆదివారం అమ్మవారికి బోనం ఆవిడ తలమీదే వెళ్లేది. అన్నం కుండ మీద దీపం ఒక్కసారీ కొండెక్కలేదట.

"రోజూ గోలి వేస్కో అమ్మా. ఇంక మూడు వారాలుంది. బీపీ దిగితే నువ్వే ఎత్తు" అన్నారు డాక్టరు.

"మరి ఒక్కపొద్దు?" అన్నారీవిడ దిగాలుగా.

నాకు ఒళ్లు మండింది. "పిన్నిగారూ, ఉపవాసం నాడు తీర్థం పుచ్చుకుంటారా లేదా?"

"తీసుకుంట. తీర్థంతోని ఏం గాదు."

"అయితే దాంతోపాటే ఇదీ."

ఇంటికి రాగానే మాత్రల అట్టను దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన పెట్టేశారు. మర్నాటి నుంచి పూజ అవగానే తులసి తీర్థం, వెంటనే మాత్ర. పూజ మానిన రోజంటూ ఉంటే కదా, అది మానడానికి!

బోనాల ముందు శనివారం బీపీ నూట నలభై. మర్నాడు డప్పుల మధ్య, వేపాకులు కట్టిన కుండ తలకెత్తుకుని ఆవిడ నడుస్తుంటే బాబురావు కంటే నేనే ఎక్కువ భయపడ్డాను. దీపం నిలిచింది, ఆవిడా నిలిచారు. సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

సోమవారం పొద్దున చూద్దును కదా, తీర్థం పుచ్చుకున్నారు గానీ మాత్ర ముట్టుకోలేదు.

"బీపీ దిగింది, బోనమైంది. ఇంకెందుకు? జరమొచ్చి పోయినంక గోలి మింగుతమా?"

ఇది జ్వరం కాదని, ఆపితే మళ్లీ ఎక్కుతుందని గొంతు చించుకున్నాను. గోడకి చెప్పినా వినేదేమో. విసుగొచ్చి, "సరే, మానేయండి. వచ్చే ఏడు బోనం మాన్య ఎత్తుతుంది" అని లేచాను.

"ఏయ్, ఆగు!" అని చెయ్యి చాచారు. "వచ్చే ఏటి దాంక ఏస్కుంట. ఆ తర్వాత మింగనే మింగ, చెప్తున్న."

అలా ఏటా బోనాల మర్నాడు నాతో లొల్లి పెట్టుకుని, ఏటా ఓడిపోతూ, ఆవిడ ఇంకో పదకొండు బోనాలు ఎత్తారు.