ఆకుపచ్చ మొహం

మా డ్రాయింగ్ మాస్టారు చేత్తో కొట్టేవారు కాదు. బ్రష్ తిరగేసి కర్ర వైపుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. చీరాలలో ఆయన ఇంటి వసారాలోనే ఆదివారం క్లాసు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను ఇంటర్ చదివే రోజుల్లో, మా ఊరి నుంచి బస్సెక్కి వెళ్ళి ఆ దెబ్బలు తినొచ్చేదాన్ని. వాచిన వేళ్ళు చూసి అమ్మ, "బస్సెక్కి పోయి మరీ తన్నించుకొచ్చే పిల్లని నిన్నే చూశానే" అనేది. తిక్కదాన్ని కదా, కొట్టినకొద్దీ నాకు పంతం పెరిగేది.

నాన్నకి ఈ క్లాసు మొదటినుంచీ గిట్టలేదు. ఆడపిల్ల బొమ్మలు గీస్తే ఏం ఒరుగుతుందని ఆయన వాదన. అడ్డం పడింది పెదనాన్న. "పిల్ల చేతిలో పనుందిరా, పోనీ. దాని జోలికొస్తే నేనూరుకోను" అన్నాడు. నాన్న ఊళ్ళో ఎవడికీ జంకడు గానీ అన్న మాట దాటడు. ఇద్దరి మిరప చేలూ పక్కపక్కనే. గట్టు నువ్వు చెక్కావంటే నువ్వు చెక్కావని పొద్దున బూతులు తిట్టుకుని, సాయంత్రం ఒకే బల్ల మీద టీ తాగేవాళ్ళు. నా క్లాసు పెదనాన్న మాట మీదే నిలబడి ఉంది. ఆయన కాదంటే ఆ పూటతో సరి.

మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మొహం గీసుకు రమ్మని మాస్టారు చెప్పినప్పుడు అందుకే పెదనాన్ననే అడిగాను. ఆయన ఉబ్బిపోయాడు. ఉతికిన చొక్కా తొడుక్కుని, మీసం దువ్వుకుని, వాళ్ళ అరుగు మీద కదలకుండా కూర్చునేవాడు. ఆయనది మెత్తని మొహం కాదు. గుంటలు పడ్డ బుగ్గలు, ఎప్పుడూ కోపంగా ఉన్నట్టుండే కనుబొమ్మలు, పెదవి దాటి బయటికొచ్చిన ఒక పన్ను. నాకవన్నీ ఎంతిష్టమో.

నూనె రంగులతో మొహం వెయ్యటానికి మాస్టారిది ఒక పద్ధతి. చర్మం రంగు ముందే పుయ్యకూడదు. వెలుగూ నీడా అంతా ముందు ఆకుపచ్చలో దిద్దుకోవాలి. అది బాగా ఆరాక, పైన ఎరుపు కలిసిన రంగు పల్చగా ఎక్కిస్తే మొహంలోకి రక్తం వచ్చినట్టుంటుంది. నేను ఆకుపచ్చ పని పూర్తి చేసి, గుడ్డ బిగించిన ఆ చట్రాన్ని ఆరటానికి మా పశువుల కొట్టంలో గోడకి ఆనించి పెట్టాను.

ఆ ఏడు మా మిరపకి ఆకుముడత పట్టింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. చేనుకి దిష్టి తగిలిందన్నారు. మా వైపు చేలల్లో దిష్టికి రాక్షసుడి బొమ్మ కట్టటం మామూలే. నాన్న కొట్టంలోకి వెళ్ళాడు, ఆకుపచ్చ మొహం, బయటికొచ్చిన పన్ను కనపడ్డాయి. కూతురు ఇన్నాళ్ళకి పనికొచ్చే బొమ్మ వేసిందనుకున్నాడట. నాకో మాటైనా చెప్పకుండా తీసుకెళ్ళి గట్టు మీద వెదురుకర్రకి కట్టాడు. దారి అటువైపే కాబట్టి మొహం పెదనాన్న చేను వైపు తిప్పాడు.

తెల్లారి పెదనాన్న చేలో కలుపు తీయటానికొచ్చిన ఆడవాళ్ళు దాన్ని చూసి పడీపడీ నవ్వారు. "ఏందయ్యో, మీ తమ్ముడు నిన్ను దిష్టికి కట్టాడు. ఆ పన్ను చూడు, అచ్చం నువ్వే" అన్నారు.

కేకలు విని నేను చేలోకి పరిగెత్తేసరికి పెదనాన్న పార పట్టుకుని మా గట్టెక్కి ఉన్నాడు.

"నా తలకాయ కట్టి నా చేను మీదకే తిప్పుతావంట్రా? నేను చావాలనా?"

"నీ తలకాయేంది? కనపట్టల్లా, రాక్షసుడది" అన్నాడు నాన్న.

ఆ మాటతో పెదనాన్న అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. పార తిరగేసి కొట్టాడు. నాన్న చెయ్యి ఎండుకట్టెలా పటుక్కుమంది. నాన్న రెండో చేత్తో కర్ర అందుకుని అన్న నెత్తి మీద మోదాడు. రక్తం కనుబొమ్మల మీదుగా కళ్ళలోకి దిగింది. మధ్యలోకి దూరితే ఎవరి మోచెయ్యో తగిలి నా పెదవి చిట్లింది. "అది పెదనాన్నే, నేనే వేశాను, ఇంకా అవ్వలేదు" అని అరిచాను. నాన్న నా చెంప మీద ఒక్కటిచ్చాడు. పెదనాన్న పారతో బొమ్మని నుదుటి నుంచి గడ్డం దాకా చీల్చేశాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాన్న చెయ్యి విరిగినప్పటికంటే ఆ గుడ్డ చిరిగినప్పుడే గట్టిగా ఏడ్చాను.

నాన్న కట్టుతో ఇంటికొచ్చి నా రంగు ట్యూబులన్నీ నేలకేసి తొక్కాడు. "క్లాసూ లేదు, గాడిద గుడ్డూ లేదు" అన్నాడు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా పెదనాన్న దగ్గరికి వెళ్ళాను. తలకి కట్టుతో మంచం మీద ఉన్నాడు.

"నీ కళ్ళకి నేను అట్టా కనపడతానంటమ్మా?"

మాస్టారి పద్ధతి చెప్పాను. అది కింద పూత మాత్రమేనని, పైన చర్మం రంగు ఎక్కితే మనిషి వస్తాడని చెప్పాను. అడ్డం రాకుండా అంతా విన్నాడు.

"చర్మం ఎయ్యకముందే ఆ ఆడోళ్ళు నన్నెట్టా పోల్చారు మరి?"

పోలిక కుదిరినందుకు లోపల ఎక్కడో గర్వంగా ఉంది, అందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

"క్లాసు మానిపిస్తే రెండో చెయ్యి కూడా విరుగుద్దని మీ నాన్నతో చెప్పు" అన్నాడు. "నువ్వు పో. నేర్చుకో. నన్ను మాత్రం ఇంకెప్పుడూ గియ్యమాకు."

ఆ మాట అని, తువ్వాలు మొహం మీదకి లాక్కుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.