దవడ డాక్టర్ల మీటింగుకు వచ్చిన పేషెంటు

ఈ రోజు బెజవాడలో మా దవడ సర్జన్ల సంఘం మీటింగు జరిగింది. సంఘం పెట్టి ఏడాది కూడా కాలేదు. పొద్దుటి నుంచీ ఒకటే తగువు. పళ్ళ డాక్టరు చదువు చదివినవాళ్ళనే చేర్చుకోవాలా, ఎంబీబీఎస్ చదివి ఈ పనిలోకి వచ్చినవాళ్ళను కూడానా? నా డిగ్రీ పళ్ళది, పని నేర్చుకున్నది పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో, ఎంబీబీఎస్ సర్జన్ల దగ్గర. అందుకని ఎవరు మాట్లాడినా తలూపుతూ కూర్చున్నాను.

ఇంతలో ఒకావిడ భర్తను వెంటబెట్టుకుని హాల్లోకి వచ్చింది. ఆయన ఇబ్రహీంపట్నంలో కడుతున్న కరెంటు ప్లాంటులో వెల్డరు. బస్సులో ఆవులిస్తే దవడ జారిపోయి, నోరు ఇక మూతపడలేదు.

"పళ్ళ డాక్టరు గారు ఎముకల డాక్టరు గారి దగ్గరికి పంపారండీ. ఆయనేమో చెవి డాక్టరు గారి దగ్గరికి పొమ్మన్నారు. ఆయన ఇక్కడికెళ్ళమన్నారు. ఇది మీ పనేనాండీ?" అంది.

అంతవరకూ ఈ పని మాదంటే మాదని అరిచినవాళ్ళంతా ప్రెసిడెంటు గారి వైపు చూశారు. ఆయన సెక్రటరీ వైపు చూశారు. తలుపు దగ్గర కూర్చున్న పాపానికి నేనే లేచాను. మనిషిని కింద కూర్చోబెట్టి, కరుస్తాడేమోనని బొటనవేళ్ళకు రుమాళ్ళు చుట్టుకుని, కింది దంతాలను కిందికి అదిమి, దవడను వెనక్కి నెట్టాను. దవడ టక్కున కూర్చుంది.

ఆయన కళ్ళు తుడుచుకుని, "ఇంతకీ తమరు పళ్ళ డాక్టరాండీ, మామూలు డాక్టరాండీ?" అన్నాడు.

హాలంతా నా జవాబు కోసం చెవులు రిక్కించింది.

"కొన్నాళ్ళు గట్టిగా ఆవులించకండి" అన్నాను.

రెండు వర్గాలూ చప్పట్లు కొట్టాయి. నేనెవరి మనిషినో మీకేమైనా తెలిస్తే కాస్త చెప్పండి.