ఘనీ భాయ్ అంచు పరీక్ష

అబ్దుల్ ఘనీ భాయ్ చేతికి ఏది ఇచ్చినా ముందు దాని అంచు చూస్తాడు. ఊరు కడప. సౌదీలోని రాబిగ్‌లో గడియారాల రిపేరు షాపు, పైన ఇల్లు. ప్రసాద్ ఓసారి తన పెళ్లిచూపుల ఫొటో చూపిస్తే, అమ్మాయిని వదిలేసి ఫొటో అంచు నిమిరి, "కటింగు బాగుందప్పా!" అన్నాడు. రిఫైనరీలో వెల్డరుగా చేసే ప్రసాద్‌కి ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఈ జబ్బుకి మూలం అమెరికా డాలరు బిళ్ళలు. రిఫైనరీకొచ్చే అమెరికన్ సార్లు పోతూ పోతూ పనివాళ్ల చేతుల్లో పెట్టిపోతారు. బంగారంలా తళతళలాడతాయి. మనీ ఎక్స్ఛేంజిలో నోట్లే తప్ప బిళ్ళలు తీసుకోరు. అందుకని అందరూ ఘనీ భాయ్ దగ్గరికే.

"బంగారమా భాయ్?"

"ఇత్తడి."

"పోనీ, విలువ?"

"అంచు మీద సన్నక్షరాలుండాల. కొన్నిటికి టంకశాలోళ్లు కొట్టడం మరిచిపోయినారు. అట్టాంటిది దొరికితే మంచి ధర. అక్షరాలుంటే ఒక్క డాలరే."

కంటికి భూతద్దం తగిలించి, బిళ్ళని ఒక్క తిప్పు తిప్పి, "ఒక్క డాలరు. తర్వాత!" అనేవాడు. ప్రసాద్ ఆశగా తెచ్చిన బిళ్ళ సంగతి తుమ్మినంత సేపట్లో తేలిపోయింది.

అట్లాంటిది ఓబులేసు బిళ్ళ దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది.

ఓబులేసుది రాయచోటి. ప్రసాద్ రూమ్మేటు. పనిచేసే కంపెనీ మూతపడింది. వీసాకి పూచీ ఉండే కొత్త యజమాని, అదే కఫీల్, దొరికి, కాగితాలు మారేదాకా పని లేదు, జీతం లేదు. తిన్నావా అంటే "ఇప్పుడే తిన్నా" అనడం తప్ప ఇంకో మాట రాదు. బిళ్ళ చూపిద్దాం రమ్మని ప్రసాదే లాక్కొచ్చాడు.

ఘనీ భాయ్ అంచు చూశాడు. తర్వాత ఎందుకో ఓబులేసు బెల్టు వైపు చూశాడు. దానికి మేకుతో పొడిచిన కొత్త రంధ్రాలు రెండున్నాయి.

"ఇది శానా కష్టమైన కేసు," అన్నాడు. "ఒక్కనాడు తేలేది కాదు. బిళ్ళ ఓనరు ఎదురుగా ఉండాల. రోజూ మధ్యాన్నం షాపు మూసినాక పైకి రా."

మర్నాడు ఘనీ భాయ్ భార్య మేరాజ్ బేగం రెండు కంచాలు పెట్టింది.

"నేను తినే వచ్చినా భాయ్," అన్నాడు ఓబులేసు.

"నీ కోసం గాదప్పా. ఎదురుగా మనిషి ఊరికే కూచుంటే నాకు చెయ్యి వణుకుతాది. తిను!"

ఆ రోజు తునకల కూర తిన్నాక అంచులో సగమే చూడగలిగాడు. ఇంకోరోజు తూకం యంత్రంలో బ్యాటరీ అయిపోయింది. ఇంకోరోజు ఇసుకగాలి, వెలుతురు చాలలేదు. ఖట్టా దాల్ వండిన రోజు మాత్రం, "కడుపు నిండినాక చూపు మందం. రేపు చూద్దాం," అని పడుకున్నాడు.

ప్రసాద్‌కి ఒళ్లు మండింది. నా బిళ్ళకి తుమ్మినంత సేపా, వీడి బిళ్ళకి ఇన్ని రోజులా? ఒక శుక్రవారం తానే పైకెళ్లి భూతద్దం లాక్కుని చూశాడు.

"భాయ్! అక్షరాలన్నీ శుభ్రంగా ఉన్నాయి కదండీ! ఇది ఒక్క డా..."

ఘనీ భాయ్ కాలి బొటనవేలు అతని పాదం మీద రోకలిలా దిగింది. మేరాజ్ బేగం చేతిలో గరిటె గాల్లో ఆగింది. ఓబులేసు చెయ్యి అన్నంలో ఆగిపోయింది. ఆ చేతిని చూశాక గానీ ప్రసాద్‌కి బుర్ర వెలగలేదు.

"ఒక్క డా... డౌటు ఉంది భాయ్," అన్నాడు. "నాకు సరిగా కనబడలేదు. ఇంకా బాగా చూడాలి."

"అట్టా చెప్పు! చిన్నపిల్లోళ్ల ఆటనుకున్నావా?" అంటూ ఘనీ భాయ్ అతనికీ ఓ కంచం పెట్టించాడు.

కాగితాలు మారాయి. ఓబులేసుకి దూరాన అభా పట్నంలో హోటల్ పని దొరికింది. బస్సెక్కేముందు సంచీతో, ప్రసాద్‌ని వెంటబెట్టుకుని వచ్చి నిలబడితే, ఘనీ భాయ్ గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు.

"తేలిందప్పా. ఒక్క డాలరే."

"తెలుసు భాయ్. ఇచ్చిన సారే ఆ పొద్దే చెప్పినాడు, మామూలు బిళ్ళేనని."

ఘనీ భాయ్ కంటి మీది భూతద్దం జారి ఒళ్లో పడింది. "మరి రోజూ ఎందుకొచ్చినావు?"

ఓబులేసు తల గోక్కున్నాడు. "మీరంత కష్టపడి అబద్ధం చెప్తాంటే, మద్దెలో లేచిపోతే మర్యాద కాదని."

ఘనీ భాయ్ బిళ్ళ అంచు ఇంకోసారి నిమిరి, దాన్ని ఓబులేసు చేతిలో పెట్టాడు. మేరాజ్ బేగం నవ్వు మెట్లు దిగి, షాపు దాటి, బస్టాండు దాకా వాళ్లని సాగనంపింది.