అవునంటే ఆపేస్తారు

వీధిలో అందరూ ఆ పదేళ్ల పిల్లను జడ్జిగారు అనేవారు. తల్లి ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. గౌను కోసం వచ్చినావిడతో, గుండీలు కుట్టడమే మిగిలిందని తల్లి సర్దిచెబుతుంటే, గుడ్డ ఇంకా కత్తిరించనే లేదని పిల్ల పక్కనుంచి చెప్పేసేది. ఎంత కళ్లెర్రజేసినా లాభం లేదు. ఆటిజం ఉన్న తన కూతురికి కళ్లతో చెప్పే మాటలు అందవని తల్లికి తెలుసు. తెలిసినా ఒళ్లు మండేది. ఆ వచ్చినావిడ మళ్లీ గడప తొక్కేది కాదు.

అలాంటిది ఒక బుధవారం బడి నుంచి ఫోను వచ్చింది. తరగతి గోడ మీది బొమ్మలన్నీ ఎవరో చించేశారట. తానే చించానని మీ అమ్మాయి ఒప్పుకుంది, ఒకసారి రండని టీచరు కబురు.

సగం కుట్టిన చొక్కా సూది కిందే వదిలేసి తల్లి కాళ్లీడ్చుకుంటూ బయల్దేరింది. ఇలాంటి పిలుపు ఆ ఏడాది ఎన్నోదో లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. చెప్పాల్సిన క్షమాపణ ఆమెకు కంఠతా వచ్చు.

టీచరు చెడ్డమనిషి కాదు. "మీ పాప అబద్ధం చెప్పదు కదండీ. అందుకే నమ్మేశాం," అంది.

ఎప్పుడు జరిగిందని తల్లి అడిగింది. నిన్న పొద్దున, మొదటి గంట కొట్టకముందు. నిన్న పొద్దున పిల్ల పన్ను నొప్పితో డాక్టరు దగ్గరుంది. బడికి చేరేసరికి పదకొండు దాటింది. టీచరు హాజరుపుస్తకం తెరిచింది. పిల్ల పేరు పక్కన ఆలస్యమని తన చేత్తోనే రాసి ఉంది.

"అయితే మా అమ్మాయి అబద్ధం చెప్పిందండీ," అంది తల్లి. ఆ మాట తన నోట వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

పిల్ల కిటికీ పక్కన కూర్చుని పెన్సిలు మొన చూసుకుంటోంది. ఎందుకలా చెప్పావని తల్లి ఒక్కసారే అడిగింది. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది.

"టీచర్ తొమ్మిదిసార్లు అడిగారు. కాదన్నాను. మళ్లీ అడిగారు. అవునంటే ఆపేస్తారు. ఇంట్లో నువ్వూ అంతే కదమ్మా."

అది నిజమే. హోంవర్కు రాశావా, సంచి సర్దుకున్నావా అని తల్లి మిషను తొక్కుతూనే గుక్కతిప్పుకోకుండా అడిగేది. అవునని వినబడగానే పనిలో పడిపోయేది. ఆ అవునుల్లో నిజమెంతో ఏనాడూ లేచి చూడలేదు. చూసే ఓపిక ఎక్కడిది?

మర్నాడు టీచరు, ఆ పని ఈ అమ్మాయిది కాదని తరగతిలో అందరి ముందూ చెప్పింది. అసలు చించిందెవరో తేలనే లేదు.

అప్పటినుంచి తల్లి ఏదైనా ఒక్కసారే అడిగి, మిషను ఆపి కూర్చుంటోంది. జవాబు ఒక్కోసారి పది నిమిషాలకు వస్తుంది, ఒక్కోసారి రాదు. కుట్టాల్సినవి కుప్పపడుతున్నాయి. ఒక సాయంత్రం, బడికి పట్టుకెళ్లిన డబ్బా తిన్నావా అని అడిగి, అలా కాచుకుంటూనే మిషను మీద తలవాల్చి కునుకు తీసింది. పిల్ల భుజం తట్టి లేపింది.

"మధ్యాహ్నం డబ్బా తినలేదమ్మా. నిన్న కూడా."

తల్లి కళ్లు నులుముకుని లేచి, పొయ్యి వెలిగించింది.