రాజన్నా అంటే నేనే పలికాను

తమ్ముణ్ణి తొట్టెలలో వేసిన రోజున నాయినమ్మ వంగి వాడి చెవిలో "రాజన్నా" అంది. గడప మీద కూర్చుని బెల్లంతో ఎండుకొబ్బరి కుడుక ముక్క నములుతున్న నేను, "ఆఁ, ఏందే నాయినమ్మా?" అని పలికాను. పాట పాడుతున్న ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. నాయినమ్మ మాత్రం నవ్వలేదు. గొంతు పెంచి మళ్లీ పిలిచింది. నేనూ గొంతు పెంచి మళ్లీ పలికాను.

"నీ నోరు వడ! నిన్ను కాదే, గీ పిలగాన్ని."

"నా పేరు పిలిస్తే నేను పలకొద్దా?"

మనుమడు పుడితే వేములవాడ రాజన్న గుడిలో కోడెను కట్టి, ఆ దేవుని పేరే పెట్టుకుంటానని నాయినమ్మ మొక్కుకుంది. పుట్టింది నేను. బడిలో రాజేశ్వరినయ్యాను. నేను బాపు అని పిలిచే మా నాన్న సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. ఆ మోతలో రాజేశ్వరి అన్న పిలుపు సగం దారిలోనే మునిగిపోయేది, "రాజన్నా" అని సాగదీస్తే షెడ్డు అవతలి దాకా వినపడేది. అట్లా ఆ పేరు నాకు ఖాయమైంది. గంజి పట్టిన నూలు పులిసిన వాసన, వానకాలం రేకుల మీద చినుకుల చప్పుడు, నూనె మరకల చేతులతో బాపు తుంచి పెట్టిన సర్వపిండి, చీకటి పడేదాకా మగపిల్లలతో ఆడిన చిర్రగోనె, అన్నీ నాకు ఆ పేరుతోనే అందాయి. ఆడపిల్లవు, అటు పోకు అని రాజన్నను ఎవరూ అనలేదు.

"మొక్కు వానిది, పేరు వానిది. నువ్వు ఇగ రాజవ్వవు. లేకుంటే దేవునికి కోపమొస్తదే" అంది నాయినమ్మ.

"నేను పుట్టిన్నాడు దేవునికి తెల్వదా?"

ఆ తరువాత రాజవ్వా అని ఎవరు పిలిచినా నేను తల తిప్పలేదు. సకినాల పళ్లెం చూపించి పిలిచినా కదల్లేదు. చివరికి నన్ను కన్న అవ్వే విసిగిపోయింది. "ఉండనియ్యి అత్తా. పిలగాడు పేరు నెత్తిన పెట్టుకొని పుట్టిండా ఏంది?"  మర్నాడు బాపు షెడ్డు తలుపు దగ్గర నిలబడి, వాడకట్టంతా వినేలా, "రాజన్నా, చాయ్ పట్కరా" అని కేకేశాడు. తమ్ముడు బడి పేరుతోనే పెరిగాడు.

ఇప్పుడు ఆ షెడ్డు జాగాలో బట్టల దుకాణం ఉంది. బాపు, నాయినమ్మ పోయారు. అవ్వ నన్ను "బిడ్డా" అంటుంది. రాజన్నా అని పిలిచే గొంతు ఒక్కటీ మిగల్లేదు. ఈమధ్య తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. దుబాయి నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, గా పేరు నా బిడ్డకిస్తవా? నీకు వాడకంల లేదు గదా."

"వాడకంల లేకుంటే నాది కాదారా?"

"నీదే. గందుకే అడుగుతున్న."

నేనింకా సరే అనలేదు. ఇంట్లో ఆ పిల్లను ఇప్పటికి అందరూ "పోరీ" అనే పిలుస్తున్నారు.